ఒళ్ళు కదలకపోతే ఏమవుతుంది? వ్యాయామం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాయామం మంచిదని తెలియనివాళ్ళు లేరు. అందరూ అడిగేది ఆ తర్వాతి సంగతే. ఎంత చేయాలి, మోకాళ్ళ నొప్పితో చేయొచ్చా, సన్నగానే ఉన్నాను కదా నాకెందుకు, పొద్దున నడిచాను కదా ఇక రోజంతా కూర్చోవచ్చా... ఇలాంటి ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి.

పొద్దున్నుంచి రాత్రి దాకా పనే. నన్ను కదలని మనిషి అంటే ఎలా?

పనితో అలసిపోవడం వేరు, ఒళ్ళు కదలడం వేరు. పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని లేచేసరికి ఒళ్ళు హూనమైనట్టే ఉంటుంది, నిజమే. కానీ ఆ పది గంటల్లో తొడలకు, పిక్కలకు, గుండెకు పడిన పని ఏమీ లేదు. అలసినవి కళ్ళూ మెడా బుర్రా.

వైద్యులు ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూస్తారు. వారం మొత్తం మీద చేయాల్సినంత శ్రమ చేయకపోవడం ఒకటి. మెలకువగా ఉన్నంతసేపూ అదే పనిగా కూర్చునో, వాలిపోయో ఉండటం రెండోది. పొద్దున్నే గంటసేపు పరుగెత్తి, ఆపైన రాత్రి దాకా కుర్చీ వదలని మనిషికి మొదటిది లేదు, రెండోది ఉంది. చాలామందికి రెండూ ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో పెద్దవాళ్ళలో 31 శాతం మంది, అంటే దాదాపు 180 కోట్ల మంది, కనీసం చేయాల్సినంత శ్రమ కూడా చేయలేదు. మగవాళ్ళలో అది 29 శాతమైతే ఆడవాళ్ళలో 34 శాతం.

కూర్చుంటే ఒంట్లో ఏం పాడవుతుంది? నొప్పి కూడా తెలియదు కదా?

నొప్పి తెలియకపోవడమే చిక్కు. మన ఒళ్ళు మహా పొదుపరి. వాడనిదాన్ని పోషించదు. పని లేని కండరాన్ని, బరువు పడని ఎముకను మెల్లగా తగ్గించేసుకుంటుంది. అంతరిక్షంలో తేలుతూ ఉండే వ్యోమగాములకు తుంటి లాంటి చోట్ల ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరిగిపోతుంది. వాళ్ళు అక్కడ రోజుకు రెండు గంటలు వ్యాయామానికే కేటాయించేది అందుకే.

నేల మీద చేసిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. గట్టిగా శ్రమ చేసేటప్పుడు శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిస్తే గుండె, ఊపిరితిత్తులు, కండరాల సత్తా తెలుస్తుంది. మూడు వారాల్లో ఆ సత్తా నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ళ తర్వాత అదే అయిదుగురిని మళ్ళీ పిలిచి పరీక్షించారు. వయసు మీద పడింది, బరువూ పెరిగారు. అయినా ముప్పయ్యేళ్ళ వయసు చేసిన నష్టం కన్నా అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కాసేపు నిలబడే ఉన్నాను.

మనమెవరమూ మూడు వారాలు మంచం పట్టి ఉండం కదా అనొచ్చు. రోజూ కొంచెం కొంచెంగా జరిగేది కూడా ఆ దారిలోదే. కాళ్ళ కండరాలు పని లేకుండా ఉంటే రక్తంలోని చక్కెరను, కొవ్వును తీసుకోవడం తగ్గిస్తాయి. తిన్నది రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. పిక్కలు బిగుస్తూ వదులవుతూ ఉంటేనే కాళ్ళలోని రక్తం పైకి ఎక్కుతుంది. అవి కదలకపోతే రక్తం కిందనే నిలిచి పాదాలు వాస్తాయి. గంటల తరబడి సాగే ప్రయాణాల్లో కొందరికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టేది ఇలాగే. రక్తం జోరుగా పారుతుంటే నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదిలి వాటిని సడలిస్తుంది. ఆ జోరు ఏళ్ళ తరబడి లేకపోతే నాళాలు బిరుసెక్కుతాయి.

వ్యాయామానికీ గుండెకూ సంబంధం ఉందని ఎలా తెలిసింది?

డబుల్ డెకర్ బస్సుల వల్ల తెలిసింది. లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు ఆ బస్సుల సిబ్బంది ఆరోగ్యాన్ని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. ఒకే బస్సులో ఇద్దరుంటారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ పై అంతస్తుకూ కిందికీ రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెపోట్లు డ్రైవర్లకు ఎక్కువ, కండక్టర్లకు తక్కువ. వచ్చినా కండక్టర్లకు కాస్త ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చాయి. తపాలా శాఖలో చూస్తే, నడిచి ఉత్తరాలు పంచేవాళ్ళకూ కూర్చుని పనిచేసే గుమాస్తాలకూ అదే తేడా కనిపించింది.

మోరిస్ అక్కడితో సంబరపడి ఊరుకోలేదు. లావుగా ఉన్నవాళ్ళే డ్రైవరు ఉద్యోగంలో చేరుతున్నారేమో అన్న అనుమానం వచ్చి, సంస్థ కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు చిన్న వయసు నుంచే కాస్త పెద్దవని తేలింది. అంటే తేడా మొత్తాన్నీ మెట్లకే కట్టబెట్టకూడదు. అయితే నడుం కొలత ఒకటే ఉన్నవాళ్ళను పోల్చినా డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా ఉంది. తన వాదాన్ని తానే అనుమానించి పరీక్షించుకున్న ఆ తీరు నాకు బస్సుల కథ కన్నా నచ్చుతుంది.

‘కూర్చోవడం పొగ తాగడంతో సమానం’ అంటారు. నిజమేనా?

కాదు. వినడానికి బాగుంటుంది, అంతే.

ఆ మాటకు ఊతమిచ్చినది 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక లెక్క. 2008లో ప్రపంచంలో జరిగిన 5.7 కోట్ల మరణాల్లో సుమారు 53 లక్షలు శారీరక శ్రమ లేకపోవడం వల్లేనని అందులో అంచనా వేశారు. అప్పట్లో పొగాకు వల్ల పోతున్నవాళ్ళ సంఖ్య కూడా దాదాపు అంతే కావడంతో రెండూ సమానమన్న ప్రచారం మొదలైంది. కానీ పొగ తాగేవాళ్ళ కన్నా కదలనివాళ్ళు చాలా ఎక్కువమంది. మొత్తం మరణాలు సమానంగా కనిపించేది అందుకే. ఒక మనిషికి ఉండే ముప్పు చూస్తే పొగ చాలా ప్రమాదం. ‘ఎటూ కూర్చునే ఉంటున్నాను, సిగరెట్ మానితే ఎంత, మానకపోతే ఎంత’ అనుకునేవాళ్ళకు ఈ పోలిక చెరుపు చేస్తుంది.

సరే, ఏయే జబ్బులకు దీనితో సంబంధం ఉంది?

గుండెజబ్బు, పక్షవాతం, అధిక రక్తపోటు, టైప్ 2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ లోపొర క్యాన్సర్, కుంగుబాటు, మతిమరుపు జబ్బులు, ఎముకల బలహీనత, పెద్ద వయసులో పడిపోవడం. వ్యాయామం చేస్తే ఇవి రానే రావని కాదు. వచ్చే అవకాశం తగ్గుతుంది. కొన్ని వచ్చినా ఆలస్యంగా వస్తాయి.

నేను సన్నగానే ఉన్నాను. నాకూ అవసరమా?

అవసరమే. తూకపు యంత్రం బరువు చెబుతుంది గానీ అందులో కండ ఎంతో కొవ్వు ఎంతో చెప్పదు. సన్నగా కనిపిస్తూనే కండ తక్కువగా, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్ళు చాలామంది. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తోందంటే, బరువు ఎంతున్నా మీ ఒళ్ళు మీకు ఏదో చెబుతున్నట్టే.

వారానికి ఎంత చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ చేయాలి. రెండూ కలిపి చేసినా సరే. దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం ఉండాలి. 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలబడగలిగే వ్యాయామాలు కూడా కలుపుకోవాలి.

ఓ మోస్తరు అంటే ఎంత? పరికరాలేమీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాట వస్తోందంటే మీరు షికారు చేస్తున్నారు. మూడు నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది తీవ్రమైన శ్రమ. 220 లోంచి వయసు తీసేస్తే గుండె వేగం గరిష్ఠ పరిమితి వస్తుందంటారు గానీ, అది సగటు లెక్క. ఒక్కో మనిషికి పదీ పన్నెండు అటూ ఇటూ అవుతుంది. బీటా బ్లాకర్ అనే రకం బీపీ మాత్రలు వాడేవాళ్ళకైతే ఆ లెక్క అసలు పనికిరాదు. మాటల పరీక్షే నయం.

150 నిమిషాలు నా వల్ల కాదు. తక్కువ చేస్తే దండగేనా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

అన్నిటికన్నా ఎక్కువ లాభం సున్నా నుంచి కొంచానికి వెళ్ళినప్పుడే వస్తుంది. అసలు కదలని మనిషి రోజూ పదిహేను నిమిషాలు నడవడం మొదలుపెడితే అతని ముప్పు చెప్పుకోదగినంత తగ్గుతుంది. రోజూ గంట నడిచేవాడు ఇంకో పదిహేను నిమిషాలు కలిపితే అంత తేడా రాదు. ఇది ఎన్నో దేశాల పరిశోధనల్లో పదేపదే కనిపించిన సంగతి. 150 అనేది గడప లాంటిది కాదు, 149 దగ్గర ఆగితే బయటే ఉండిపోతారని ఎవరూ అనలేదు.

ఒకప్పుడు, కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్కలోకి వస్తుందని చెప్పేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు ఎత్తేశారు. రెండు నిమిషాల మెట్లయినా లెక్కే. బ్రిటన్‌లో వ్యాయామం అలవాటు లేని సుమారు 25,000 మంది చేతికి కదలికలు కొలిచే పరికరం కట్టి, వాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. పరుగున మెట్లెక్కడం, బరువైన సంచులు మోసుకెళ్ళడం లాంటి ఒకటి రెండు నిమిషాల గట్టి శ్రమ రోజుకు మూడుసార్లు ఉన్నవాళ్ళలో, అదీ లేనివాళ్ళతో పోలిస్తే, మరణాలు 40 శాతం దాకా తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే చురుగ్గా కదులుతారు కాబట్టి ఆ తేడా అంతా మెట్ల మహిమే అనుకోకూడదు. అయినా కొట్టిపారేయాల్సిన సంగతి కాదు.

రోజుకు 10,000 అడుగులు నడవాల్సిందేనా?

ఆ అంకె పుట్టింది వైద్యశాలలో కాదు, అంగట్లో. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకుని అడుగులు లెక్కపెట్టుకునే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘మాన్పో-కేయ్’, అంటే పదివేల అడుగుల మీటరు. గుండ్రటి అంకె, నోటికి తేలిక, జనంలో నిలిచిపోయింది.

2019లో అమెరికాలో సగటు వయసు 72 ఉన్న పదహారు వేల మందికి పైగా మహిళలను పరిశీలించినప్పుడు, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కన్నా 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువగా ఉన్నాయి. లాభం 7,500 దాకా పెరుగుతూ పోయి ఆ తర్వాత నిలకడగా ఉండిపోయింది. చిన్న వయసువాళ్ళకు అది ఇంకాస్త పైదాకా సాగొచ్చు. ఇప్పుడు మీరు మూడు వేలు నడుస్తుంటే అయిదు వేలు మీకు మంచి గురి. పది వేలు చూసి బెదిరిపోయి మానేయకండి.

పొద్దున గంట నడుస్తాను. ఆ తర్వాత రోజంతా కూర్చున్నా ఫరవాలేదా?

చాలావరకు ఫరవాలేదు, పూర్తిగా కాదు. పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన ఒక విశ్లేషణ 2016లో వచ్చింది. రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేసేవాళ్ళు ఎనిమిది గంటలకు పైగా కూర్చున్నా, దానివల్ల పెరిగే మరణపు ముప్పు వాళ్ళలో దాదాపు కనిపించలేదు. అరగంట మాత్రమే నడిచేవాళ్ళకు ఆ రక్షణ పూర్తిగా లేదు.

కాబట్టి నడక మానకండి, మధ్యమధ్యలో లేవడమూ మానకండి. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరిగితే భోజనం తర్వాత పెరిగే చక్కెర తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. ఫోన్ మోగితే లేచి తిరుగుతూ మాట్లాడండి. నీళ్ళ సీసా చేతికందని చోట పెట్టుకోండి. ఇవి చిట్కాల్లా అనిపిస్తాయి గానీ, గడియారం చూసుకుని లేవాలనుకునే సంకల్పం కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి.

నిలబడి పనిచేసే బల్ల కొనమంటారా?

మెడ, నడుం నొప్పులకు కొందరికి పనికొస్తుంది. నిలబడటం మాత్రం నడక కాదు. నిలబడితే ఖర్చయ్యే శక్తి కూర్చున్నప్పటికన్నా కొద్దిగానే ఎక్కువ. గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్ళలో సిరలు ఉబ్బే ఇబ్బంది వేరే ఉంది.

షుగర్ ఉంది. వ్యాయామం నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఎలాగో తెలిస్తే ఇంకా నమ్మకం కుదురుతుంది. మామూలుగా రక్తంలోని గ్లూకోజ్ కండరంలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. టైప్ 2 మధుమేహంలో ఆ పిలుపు కండరానికి సరిగ్గా వినపడదు. అయితే కండరం పనిచేస్తున్నప్పుడు దానికి మరో దారి ఉంది. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే గ్లూట్-4 అనే వాహకాలను అది ఇన్సులిన్ పిలవకుండానే పైకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట కూడా బాగా వింటుంది. షుగర్ ఉన్నవాళ్ళు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దని చెప్పేది ఇందుకే. భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా మీటరులో తేడా కనిపిస్తుంది.

షుగర్ అంచున ఉన్నవాళ్ళకైతే ఇంకా మేలు. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల శ్రమ చేస్తూ తిండి సవరించుకుని కాస్త బరువు తగ్గినవాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రలు వాడినవాళ్ళలో తగ్గింది 31 శాతం.

కొన్ని జాగ్రత్తలున్నాయి. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు వ్యాయామంతో షుగర్ మరీ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి. చేతులు వణికినా, చల్లటి చెమట పట్టినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి నోట్లో వేసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పులు లేకుండా నడవకూడదు, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోవాలి. కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు.

వ్యాయామం చేస్తున్నాను కదా, బీపీ మాత్రలు మానేయొచ్చా?

మీ అంతట మీరు మానకండి. క్రమం తప్పని వ్యాయామం బీపీ ఉన్నవాళ్ళలో పై అంకెను 5 నుంచి 8 దాకా తగ్గించగలదు. కొందరికి మాత్ర మోతాదు తగ్గించడానికి అది చాలు. ఆ నిర్ణయం మాత్రం మీ బీపీ లెక్కలు చూసి డాక్టరు తీసుకోవాలి.

నడిస్తే చాలదా? బరువులు కూడా ఎత్తాలా?

ఎత్తాలి. నడకనే నమ్ముకున్నవాళ్ళు మర్చిపోయేది ఇదే. ముప్పయ్యేళ్ళు దాటాక కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున తరుగుతూ వస్తుంది. అరవై తర్వాత ఆ తరుగు ఇంకా వేగం. పెద్దవాళ్ళు నేల మీంచి లేవలేకపోవడం, కుర్చీ చేతులు పట్టుకుని లేవడం, మెట్లకు భయపడటం, తూలి పడి తుంటి విరగడం... వీటికి వయసును నిందిస్తాం గానీ చాలావరకు అది కండ కరగడమే.

ఆ వయసులో బరువులేంటి అంటారా? 1990లో బోస్టన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న పదిమందికి, సగటు వయసు తొంభై ఉన్నవాళ్ళకు, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తే శిక్షణ ఇచ్చారు. శిక్షణ పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది.

జిమ్‌కే వెళ్ళాలని లేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి శరీరాన్ని ముందుకు వంచి వెనక్కి నెట్టండి. మునివేళ్ళ మీద లేచి దిగండి. నీళ్ళు నింపిన సీసాలు ఎత్తండి. తేలికైపోయిందనిపించగానే కాస్త పెంచండి. పెంచకపోతే కండకు పెరగాల్సిన అవసరం కనపడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టకండి.

బరువులెత్తితే ఆడవాళ్ళకు కండలు తిరుగుతాయా?

తిరగవు. కండ పెంచే టెస్టోస్టెరాన్ అనే హార్మోను మగవాళ్ళలో ఉన్నంత ఆడవాళ్ళలో ఉండదు. కండలు తిరగాలని ఏళ్ళ తరబడి కష్టపడుతున్న మగవాళ్ళనే అడిగి చూడండి, అదంత తేలికైతే బాగుండేదంటారు. ముట్లుడిగాక ఎముకలు వేగంగా పలచబడతాయి కాబట్టి నిజానికి బరువుల అవసరం ఆడవాళ్ళకే ఎక్కువ.

నడిస్తే మోకాళ్ళు అరిగిపోవా?

మోకాలు బండి టైరు కాదు. టైరు తిరిగే కొద్దీ అరుగుతుంది, తనను తాను బాగుచేసుకోలేదు. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. కీలు మీద బరువు పడి లేచినప్పుడల్లా స్పాంజిలా అది తన చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చి వదులుతూ ఆహారం తీసుకుంటుంది. కదలికే దానికి భోజనం. సరదాగా పరుగెత్తేవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల, కూర్చునే ఉండేవాళ్ళ కన్నా తక్కువగానే కనిపించింది.

ఇప్పటికే అరుగుదల ఉన్నవాళ్ళకు తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కాస్త నొప్పి వచ్చినా భయపడక్కర్లేదు. మర్నాటికి తగ్గిపోతే ఆ మోతాదు మీకు సరిపోయింది. మర్నాడు నొప్పి పెరిగితే, కీలు వాస్తే, మోకాలు పట్టేసినట్టయితే మోతాదు తగ్గించి డాక్టరుకు చూపించుకోండి. నడక బొత్తిగా కుదరకపోతే సైకిలు, ఈత ఉన్నాయి.

మూడు నెలలుగా నడుస్తున్నా బరువు తగ్గలేదు. ఎందుకు?

లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. కిలో కొవ్వులో ఉండేది దాదాపు 7,700 కేలరీలు. తిండి రవ్వంత కూడా పెరగకుండా రోజూ నడిస్తే, ఒక్క కిలో తగ్గడానికి యాభై రోజులు పడుతుంది. నడిచొచ్చిన ఆకలికి రెండు ముద్దలు ఎక్కువ తింటే అదీ లేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, కరగనిది పొట్ట ఒక్కటే.

బరువు తగ్గడంలో పెద్ద పాత్ర తిండిది. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా కాపాడటంలో వ్యాయామానిది. నన్నడిగితే బరువు తగ్గడం కోసమే నడవడం మొదలుపెట్టకూడదు. ముల్లు కదలకపోతే నిరాశతో నడకే మానేస్తారు. బరువు రవ్వంత తగ్గకపోయినా ఈ మూడు నెలల్లో మీ బీపీ, షుగర్, కాలేయంలో కొవ్వు, నిద్ర మెరుగుపడి ఉండొచ్చు. అవేవీ తూకపు యంత్రం మీద కనిపించవు.

పొట్ట మీద వ్యాయామం చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందన్నది కూడా నిజం కాదు. కింది కండ గట్టిపడుతుంది, పైనున్న కొవ్వు ఒళ్ళంతా తగ్గితేనే తగ్గుతుంది. ఇక చెమట ఒంటిని చల్లబరిచే నీరు. ఎంత కారినా కొవ్వు కరిగినట్టు కాదు.

ఇంటి పని, ఒళ్ళు వంచి చేసే కూలి పని వ్యాయామం కాదా?

ఊపిరి వేగం పెంచే పని ఏదైనా లెక్కలోకి వస్తుంది. నేల తుడవడం, బరువులు మోయడం, తవ్వడం, అన్నీ. అయితే రోజంతా ఒకే రకం బరువు పని చేసేవాళ్ళకు దానివల్ల, తీరిక వేళ వ్యాయామం చేసేవాళ్ళకు దక్కే లాభమంతా దక్కడం లేదని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. విశ్రాంతి లేకపోవడం, అవే కీళ్ళ మీద భారం పడటం, ఆపాలనుకున్నప్పుడు ఆపే వీలు లేకపోవడం కారణాలు కావచ్చు. అలాంటివాళ్ళకు ఇంకో గంట పరుగెత్తమని చెప్పడం అన్యాయం. నడుం, భుజాల కండరాలు సాగదీసుకోవడం, సరిపడా నిద్ర వాళ్ళకు ఎక్కువ అవసరం.

యోగా సరిపోతుందా?

ఒళ్ళు సాగడానికి, తూలకుండా నిలబడటానికి, మనసు కుదుటపడటానికి బాగుంటుంది. ఆగకుండా ఆసనం వెంట ఆసనం వేగంగా వేస్తే తప్ప గుండెకు తగినంత పని పడదు. దానికి నడకో సైకిలో కలపండి.

మనసుకు, జ్ఞాపకశక్తికి కూడా మంచిదంటారు. అతిశయోక్తా?

కాదు. తేలికపాటి, మధ్యస్థాయి కుంగుబాటు లక్షణాలు క్రమం తప్పని వ్యాయామంతో తగ్గుతాయని చాలా పరీక్షల్లో తేలింది. ఆందోళనకు, నిద్రకు కూడా మేలే. ఇక్కడ చిక్కేమిటంటే, కుంగుబాటులో ఉన్న మనిషికి మంచం దిగడమే కొండెక్కినట్టుంటుంది. అలాంటి మనిషితో ‘వెళ్ళి పరుగెత్తు, అన్నీ సర్దుకుంటాయి’ అనడం కన్నా, చెప్పులేసుకుని పక్కన నడవడం మంచిది. మందులు వాడుతుంటే వ్యాయామం వాటికి తోడే గానీ బదులు కాదు.

జ్ఞాపకశక్తి సంగతికొస్తే, 2011లో 120 మంది వృద్ధులపై చేసిన ప్రయోగం ఒకటుంది. ఏడాదిపాటు నడిచినవాళ్ళలో జ్ఞాపకాలను చూసుకునే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళలో అది వయసుతోపాటు కాస్త కుంచించుకుపోయింది.

వ్యాయామం చేస్తూ కుప్పకూలిపోయినవాళ్ళ గురించి వింటున్నాం. భయం వేస్తోంది.

భయం సహజమే. గట్టిగా శ్రమ చేస్తున్న ఆ కాసేపట్లో గుండెపోటు ముప్పు కొంచెం పెరిగే మాట నిజం. ఆ పెరుగుదల ఎప్పుడూ కదలకుండా ఉండి ఒక్కసారిగా విజృంభించేవాళ్ళలో చాలా ఎక్కువ, రోజూ చేసేవాళ్ళలో చాలా తక్కువ. మొత్తం మీద చూస్తే రోజూ చేసేవాళ్ళకు గుండెపోట్లు తక్కువే. ప్రమాదమంతా పదేళ్ళ బద్ధకాన్ని పది రోజుల్లో వదిలించుకోవాలనే తొందరలో ఉంది.

మామూలు నడక మొదలుపెట్టడానికి చాలామందికి ఏ పరీక్షా అక్కర్లేదు. కానీ గుండెజబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయిన కుటుంబాలవాళ్ళు తీవ్రమైన వ్యాయామానికి ముందు డాక్టరును కలవాలి. వ్యాయామం చేస్తుండగా ఛాతీలో బిగపట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్ళు బైర్లు కమ్మినా, ఎన్నడూ లేనంత ఆయాసం వచ్చినా, గుండె లయ తప్పినట్టు కొట్టుకున్నా అక్కడే ఆగిపోండి. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అనుకుని ఇంటికి నడిచి వెళ్ళకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

గర్భిణులు చేయొచ్చా?

డాక్టరు వద్దని చెప్పే కారణమేదీ లేకపోతే వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ మంచిదే. గర్భంతో వచ్చే షుగర్ ముప్పు తగ్గుతుంది. మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేసేవి, పడిపోయే ప్రమాదం ఉన్నవి వద్దు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, నొప్పులు కనిపిస్తే వెంటనే ఆపాలి.

పిల్లలకెంత?

5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున గంట. దాన్ని వ్యాయామం అని పిలవకపోవడమే మంచిది. ఆడుకోనిస్తే చాలు.

ఏ వేళ మంచిది? జ్వరంలో చేయొచ్చా?

మీరు మానకుండా చేయగలిగిన వేళే మంచి వేళ. నిద్రకు ముందు గంటలో తీవ్రమైన వ్యాయామం చేస్తే కొందరికి నిద్ర పట్టదు, అంతే. జ్వరంలో మాత్రం వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ సమయంలో శ్రమ ప్రమాదం. తగ్గాక రెండు మూడు రోజులు ఆగి, సగం మోతాదుతో మొదలుపెట్టండి.

నెల రోజులు మానేశాను. చేసిందంతా పోయినట్టేనా?

కొంత పోయింది. దమ్ము రెండు వారాల నుంచే తగ్గడం మొదలవుతుంది, కండబలం అంతకన్నా కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒకసారి బలపడిన కండ రెండోసారి త్వరగా తేరుకుంటుంది కాబట్టి తిరిగి రావడం తేలికే. పైన చెప్పిన డాలస్ అయిదుగురికి యాభయ్యేళ్ళ వయసులో ఆరు నెలలు మెల్లగా పెంచుకుంటూ శిక్షణ ఇస్తే, ముప్పయ్యేళ్ళలో పోయిన సత్తా తిరిగొచ్చింది.

ప్రతిసారీ మొదలుపెడతాను, వారానికే ఆపేస్తాను. ఏం చేయాలి?

మొదటి రోజే గంట చేసి, రెండో రోజు ఒళ్ళు నొప్పులతో లేవలేక, మూడో రోజు మానేసి, నాలుగో రోజు నుంచి సిగ్గుపడటం... ఈ వరసను మార్చాలంటే మొదటి రోజును చిన్నది చేయాలి. నవ్వొచ్చేంత చిన్నది, అయిదు నిమిషాలు. రెండు వారాలు ఆ అయిదే చేయండి. ఆ తర్వాత వారానికి కాస్త చొప్పున పెంచండి. ఇప్పటికే ఉన్న పనికి దాన్ని ముడిపెట్టండి. భోజనం చేసి లేవగానే అనో, పిల్లల్ని బడిలో దింపగానే అనో. తోడుగా ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది, ఎదురుచూస్తుంటారన్న మొహమాటం బద్ధకాన్ని జయిస్తుంది. ఒక రోజు తప్పితే తప్పింది. రెండో రోజు తప్పకుండా చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టినప్పుడు మర్నాడు, ఆ మర్నాడు కండరాలు నొప్పి పెట్టడం మామూలే, మూడు రోజుల్లో తగ్గుతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం కండరం దెబ్బతిన్న గుర్తు కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఏమేం కొనాలి?

నడకకు మడమ జారకుండా, వేళ్ళు ఇరుకు కాకుండా ఉండే బూట్లు. అంతే. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి బూట్లు సాయంత్రం పూట కొనండి, రెండు కాళ్ళకూ వేసుకుని చూడండి.